తుడిచేసిన నీలం

పోయిన వారం పాలిష్‌ని మనం వర్క్‌షాపులో, చేతిలో స్పిరిట్ గుడ్డతో, నోట్లో సగం మాటతో వదిలేశాం. "అక్కా, నీకో సంగతి చెప్పాలి" అన్నాడతను. ఎదురుగా అతని అక్క, మొగుడి పనిముట్ల పెట్టె తాళంచెవి వేలికి తగిలించుకుని నిలబడి ఉంది. బావ మంచాన పడి ఆ రోజుకి ఇరవై రెండు రోజులు. ఇంజన్ల పనిలో ఆయనకు సాటి లేరని పదిమందీ చెప్పుకునే మనిషి. తన చేత్తో తాను బిగించిన మోటార్‌సైకిల్నే పరీక్షించడానికి రోడ్డెక్కించాడు. మధ్యదారిలో ఇంజను పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయింది, మోకాలు మూడు ముక్కలైంది. డాక్టర్లు అతికించలేనిది ఇంకేదో కూడా ఆయన లోపల విరిగింది. "నా చేతులు చెడిపోయాయి, ఇక ఇంజను ముట్టను" అని, పనిముట్లన్నీ అవతలి వీధిలో ఉండే ఎడంచేతివాటం మేస్త్రికి ఇచ్చేస్తానని కబురు పెట్టాడు. ఆ మేస్త్రి ఈ రోజు పదకొండింటికి వస్తున్నాడు.

"చెప్పు" అంది అక్క.

"ముందీ పైపు తుడిచేస్తా. లేకపోతే మరక పడుతుంది."

"పడనీ."

పాలిష్ తుడవడం ఆపలేదు. అతని వృత్తే అది. సైలెన్సర్ పైపులకు క్రోమ్ మెరుపు తేవడం, తెచ్చిన మెరుపు వేడికి మాడకుండా కాపాడడం. కొత్త పైపును మొదటిసారి వేడెక్కించే ముందు దాని మీద ఏముంటే అది కాలి, లోహంలో కలిసిపోతుంది. చెమట పట్టిన వేలు తగిలినా చాలు, ఆ వేలి గీతలు గోధుమరంగులో జన్మంతా ఉండిపోతాయి. అందుకని గ్లవ్స్ వేసుకుని, స్పిరిట్‌తో తుడిచి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాలి. పదమూడేళ్ళుగా అతను చేస్తున్నది ఇదే. పాలిష్ అన్న పేరు బావ పెట్టిందే. మొదట్లో వెక్కిరింపు, తర్వాత ముద్దు, ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు.

గుడ్డ మడిచి పక్కన పెట్టాక ఇక చేతులకు పని లేకపోయింది. అప్పుడు చెప్పాడు.

ఆ షాపులో ఒక పద్ధతుంది. కొత్తగా బిగించిన ఇంజనును మొదటిసారి లోపల పూత పడని ఉత్త పైపులతోనే తిప్పాలి. ముందర టేబుల్ ఫ్యాన్ పెట్టి పది నిమిషాలు నడిపి, పైపులు ఏ రంగుకు తిరిగాయో ఇంజను బిగించిన మేస్త్రి కళ్ళారా చూడాలి. ఎండుగడ్డి లాంటి లేత గడ్డిరంగైతే ఫరవాలేదు. నీలం తిరిగితే లోపల ఉండాల్సిన దానికన్నా ఎక్కువ మంట ఉన్నట్టు. ఎక్కడో దొంగగాలి లాగుతోంది, పెట్రోలు చాలడం లేదు. మేస్త్రి చూసి "ఊఁ" అన్నాకే పాలిష్ ఆ రంగు తుడవాలి. పైపు లోపల బూడిదరంగు పూత పోసి, అటూ ఇటూ దొర్లించి, ఆరబెట్టాలి. ఆ పూత పడ్డాక లోపల ఎంత మండినా పైన రంగు ఇట్టే మారదు. బావ దీన్ని తనదైన తీరులో చెప్పేవాడు. "పైపంటే ఇంజను నాలుకరా. డాక్టరు చూడకముందే నాలుక తోమేసుకుంటే రోగం ఎలా తెలుస్తుంది?"

ప్రమాదానికి ముందురోజు బావ ఇంజను స్టార్ట్ చేసి, తల వంచి చప్పుడు విని, తృప్తిగా నవ్వుకుని, లేత్ షాపులో పనుందని వెళ్ళాడు. "పది నిమిషాలు తిప్పి ఆపేయ్. నేనొచ్చి చూస్తా" అన్నాడు. ఆరో నిమిషంలో ఎడమ పైపు వంపు దగ్గర ఊదారంగు మొదలైంది. ఎనిమిదో నిమిషానికి నీలం. అది వంపు దాటి జానెడు కిందికి పాకింది. పాలిష్ ఇంజను ఆపాడు. పైపు చల్లారేదాకా దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. చల్లారాక మెరుగు పెట్టే పేస్టు తీసి తుడిచేశాడు. తుడిచి, పైపులు విప్పి, పూత పోసి, వాటిని దండేనికి వేలాడదీశాడు. బావ వచ్చేసరికి రెండు పైపులూ అద్దాల్లా ఉన్నాయి.

"నేనే తుడిచేశానక్కా. బావకి చూపించలేదు. చూపించి ఉంటే మర్నాడు ఆ బండి బయటికే వెళ్ళేది కాదు."

అక్క అతని మొహం వైపు చూడలేదు. బల్ల మీది గుడ్డ వైపు చూసింది.

"ఎందుకు తుడిచావు?"

ఈ ప్రశ్నకు జవాబు అతని దగ్గర సిద్ధంగానే ఉంది. ఇరవై రెండు రోజులుగా దాన్ని కూడా తుడుస్తూనే ఉన్నాడు. నెల ముందు ఇంకో బండి పైపు మీద గోధుమరంగు మరకలు తేలాయి. నలుగురు ఖాతాదారుల ముందు బావ పైపును పైకెత్తి, "చూడండి, మావాడి వేలిముద్రలు! పోలీసులు కూడా ఇంత చక్కగా తీయలేరు" అన్నాడు. అందరూ నవ్వారు. టీ తెచ్చినతను కూడా నవ్వాడు. బావ వీపు తట్టి, టీ కప్పు అందించి, అక్కడితో మర్చిపోయాడు. పాలిష్ కూడా నవ్వాడు గానీ మర్చిపోలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆనాటి నుంచి ఏ పైపు మీద ఏ రంగు కనబడినా అది తన చేతి మురికే అనిపించేది.

"నా వేళ్ళ వల్లే అనుకున్నా" అన్నాడు. "సరిగ్గా తుడవలేదేమో, మళ్ళీ అందరిలో..."

అంటుండగానే అతని గొంతు తగ్గిపోయింది. వేలిమరక మరకలాగే ఉంటుంది, చుక్కగా, గీతగా. జానెడు పొడవు నీలం వేలిమరక కాదు. పదమూడేళ్ళు ఆ పనిలో ఉన్నవాడికి ఆ తేడా తెలియదా? తెలుసు. పైపు చల్లారేదాకా పీట మీద కూర్చున్న ఆ పావుగంటా తెలుసు. తెలిసిన సంగతిని తెలియని చోటికి నెట్టి, దాని మీద గుడ్డ కప్పి కూర్చున్నాడు. మనిషి తనకు తాను అబద్ధం చెప్పుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. చేతిలో పనుంటే చాలు.

అక్క తాళంచెవి పిడికిట్లో మూసింది.

"ఇంకెవరికైనా తెలుసా?"

"లేదు."

"తెలియనీకు."

అతను తలెత్తాడు. చెంప పగలగొడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఇది అనుకోలేదు.

"అక్కా, తప్పు ఆయనది కాదు. తనదే అనుకుని పనిముట్లన్నీ ఇచ్చేస్తున్నాడు!"

"అనుకోనీ."

"అదేంటి?"

"పద్దెనిమిదేళ్ళురా" అంది అక్క. గొంతు పెంచలేదు. "పొద్దుగూకితే నా చెవి వీధిలోనే ఉండేది. మీ బావ బండి చప్పుడు మలుపు దగ్గరే గుర్తుపడతా. ఆలస్యమైతే పొయ్యి మీదిది మాడినా నాకు వాసన తెలిసేది కాదు. కొత్త ఇంజను బిగించాడంటే మర్నాడు దాన్నెక్కి తోలాల్సిందే కదా, ఆ రోజంతా నా కడుపులో రాయి. నీకెప్పుడన్నా చెప్పానా? ఆయనకెప్పుడన్నా చెప్పానా? ఈ ఇరవై రెండు రోజులు నా చెవికి పనిలేదు. మనిషి మంచంలో ఉన్నాడు. మూలుగుతున్నాడు, దిండు విసిరేస్తున్నాడు, నన్ను తిడుతున్నాడు. కానీ ఉన్నాడు. నేను నిద్రపోతున్నానురా."

"మరి ఆయనేం చేస్తాడు?"

"స్పేర్ పార్టులు అమ్ముతాడు. కుర్చీలో కూర్చుని చేసుకునే పని దొరక్కపోదు."

"బావ... స్పేర్లు అమ్మడమా?"

"ఏం, చచ్చిపోతాడా?" అంది. ఆ మాట నోరు జారాక ఇద్దరూ ఒక క్షణం దాన్నే చూస్తూ నిలబడ్డారు. అక్కే ముందు తేరుకుంది. "తప్పు తనదనుకుంటే భయపడతాడు. భయపడితే బతుకుతాడు. నీదని తెలిస్తే లేచి కూర్చుంటాడు. కర్రలతోనైనా కిందికి దిగి ఇంకో ఇంజను విప్పుతాడు. నీ మనసు తేలికవడానికి నా ఇల్లు కావాలా?"

వర్క్‌షాపు వెనకే ఇల్లు. పన్నెండు మెట్లెక్కితే బావ గది. ఆ పన్నెండు మెట్లూ అక్క వెనక ఎక్కుతూ పాలిష్ ఆ చివరి మాటనే నములుతున్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గదా, అతనికి మాత్రం రెండూ తన చేత్తో తవ్వుకున్నవేనని తోచింది. అక్క అన్నదాంట్లో అబద్ధమెంత? తను చెప్పాలనుకున్నది బావ కోసమా? బావ చేతులు బావకు తిరిగి ఇవ్వాలనుందా, లేక "ఇచ్చినవాణ్ణి నేనే" అనిపించుకోవాలనుందా? లేదూ, ఆయన చేత నాలుగు తిట్లు తిని, అక్కడితో చెల్లుకు చెల్లు అనుకుని హాయిగా ఊపిరి పీల్చుకోవాలనా? ఎనిమిదో మెట్టు మీద, పైన బావ గొంతు వినబడగానే, ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. తనకు బావంటే భయం. ప్రేమ లేదని కాదు. ప్రేమంతా ఆ భయం కిందే పెరిగింది.

గదిలో ఎడంచేతి మేస్త్రి అప్పటికే వచ్చి కూర్చున్నాడు. చెప్పిన వేళ కంటే ముందే వచ్చాడు, సిగ్గుపడుతున్నట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద బావ స్పానర్లన్నీ వరసగా పేర్చి ఉన్నాయి, చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా. బావ కాలు దిండ్ల మీద ఎత్తుగా ఉంది. ఒళ్ళు సగమైంది. గడ్డం మాసింది. ఒక్కో స్పానరూ మేస్త్రికి చూపిస్తూ, దాన్ని ఎలా పట్టుకోవాలో చెబుతున్నాడు.

"దీని నోరు కాస్త వదులు. బలం చూపిస్తే జారుద్ది. నెమ్మదిగా అడగాలి."

"ఇవన్నీ కుడిచేతి వాటం మరిగినవి తమ్ముడూ" అన్నాడు మేస్త్రి, గాలి తేలిక చేద్దామని. "నా ఎడంచేతికి మాట వినాలంటే ముందు బడికి పంపించాలి."

బావ నవ్వలేదు. అక్క మంచం పక్కనున్న ఖాళీ పెట్టె మూత తెరిచి, స్పానర్లను ఒక్కొక్కటే లోపల సర్దడం మొదలుపెట్టింది. ఆ తొందర పాలిష్‌కి తప్ప ఎవరికీ కనబడలేదు.

"వచ్చావా పాలిష్? కూర్చో" అన్నాడు బావ. "ఈ మేస్త్రన్న నిన్న సాయంత్రం కిందికెళ్ళి ఆ ఇంజను విప్పి చూశాడు. నేనే చూడమన్నా. ఏం చేశానో తెలుసుకోకుండా వదిలేస్తే తల పగిలిపోయేలా ఉంది."

పాలిష్ కూర్చోలేదు.

"ఎడమ పిస్టన్ ఒక్కటే పట్టేసిందిరా" అన్నాడు మేస్త్రి. "గీసుకుపోయి నల్లగా అయింది. కుడిది చక్కగా ఉంది, ముద్దు పెట్టుకోవచ్చు."

"అదే నాకు కొరుకుడు పడడం లేదు" అన్నాడు బావ. తన రెండు చేతులూ ముందుకు చాపి, వేరే ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. "రెంటికీ పిస్టన్ చుట్టూ ఒకే సందు పెట్టాను. ఒకటికి రెండుసార్లు కొలిచాను. అయినా ఎడమదానికి వెంట్రుకవాసి తక్కువ పెట్టానన్నమాట. కొలుస్తూనే తప్పు కొలిచాను. కళ్ళు చూస్తున్నాయి, చేతులు అబద్ధం చెబుతున్నాయి. అలాంటి చేతులతో ఎవడి బండి ముట్టుకోను? రేపు ఇంకొకడు చస్తే?"

"ఇప్పుడవన్నీ ఎందుకండీ" అంది అక్క. "మేస్త్రిగారికి ఆలస్యమవుతోంది."

"నాకేం తొందర లేదమ్మా" అన్నాడు మేస్త్రి అమాయకంగా.

బావ కాసేపు కిటికీ వైపు చూశాడు. తర్వాత, చాలా రోజులుగా నాలుక కిందే దాచుకున్నట్టున్న మాటను బయటికి తీశాడు.

"ఇంకో తప్పు కూడా చేశాన్రా. అది నీకే చెప్పాలి. పైపులు చూస్తానని చెప్పి, చూడలేదు. లేత్ దగ్గర ఆలస్యమైంది. వచ్చేసరికి నువ్వు పూత పోసి వేలాడదీశావు. మెరిసిపోతున్నాయి. నువ్వేమీ అనలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నా. అడగాలి గదా? పద్ధతి పెట్టింది నేనే, తప్పింది నేనే. నిన్ను ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. తుడవకముందు ఆ పైపులు ఏ రంగులో ఉన్నాయి?"

దొంగకు తేలు కుట్టినట్టు పాలిష్ నిలబడిపోయాడు. పెట్టెలో స్పానర్ల చప్పుడు ఆగింది. అక్క వీపు ఇటే ఉంది, తల తిప్పలేదు. మెడ వెనక నరం మాత్రం బిగిసి కనిపించింది. పద్దెనిమిదేళ్ళు వీధి చప్పుడు కోసం చెవి రిక్కించిన మెడ అది.

గడ్డిరంగు అంటే అయిపోతుంది. నాలుగు అక్షరాల దూరంలో ఉంది. అక్క నిద్రపోతుంది. బావ స్పేర్లు అమ్ముతాడు. తను పైపులు తుడుస్తాడు.

బావ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి, అరచేతులు పైకి. భిక్షకు పట్టినట్టున్నాయి. ఈ మనిషి ఎన్నడూ ఎవరి ముందూ అలా చేతులు పట్టలేదు. పాలిష్‌కి ఆ చేతుల్ని చూడడం భరించరానిదైపోయింది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా, ఆ క్షణంలో తను ధర్మం గురించి ఆలోచించాడని మాత్రం అతను చెప్పుకోలేకపోయాడు. ఆ చేతులు కిందికి దిగితే చాలనుకున్నాడు, అంతే.

"నీలం" అన్నాడు.

"ఏంటి?"

"నీలం బావా. ఎడమది. ఎడమది ఒక్కటే."

బావ చేతులు దిగలేదు. కదిలాయి. ముందు కుడిచేతి వేళ్ళు, ఏదో మర బిగిస్తున్నట్టు.

"ఎక్కడి నుంచి? ఇంజను దగ్గరా, వంపు దగ్గరా?"

"వంపు దగ్గర మొదలై జానెడు కిందికి."

"కుడిది?"

"గడ్డిరంగు. లేతగా."

"ఎన్నో నిమిషానికి?"

"ఆరుకి ఊదా, ఎనిమిదికి నీలం."

"గాలి!" బావ ఎంత గట్టిగా అరిచాడంటే మేస్త్రి కుర్చీ అంచు నుంచి లేచిపోయాడు. "అన్నా, గాలి లాగింది! ఎడమ కార్బొరేటర్ జాయింటు రబ్బరు. పగులుంటుంది, లేదా క్లిప్పు కూర్చోలేదు. నా సందు సరిగ్గానే ఉంది! రెండూ ఒకటే కొలత, నేను చెప్పలేదూ? పెట్రోలు చాలక మాడి పట్టేసిందది. నా చేతులు కాదు! ఏమేవ్, విన్నావా? నా చేతులు కాదు!"

ఇరవై రెండు రోజుల తర్వాత ఆ మొహంలోకి నెత్తురు వచ్చింది. దిండ్ల మీది కాలు మర్చిపోయి లేవబోయాడు, నొప్పికి పళ్ళు బిగించి, ఆ నొప్పిలోనే నవ్వాడు. "కర్రలియ్యండి. కిందికెళ్ళాలి. ఆ రబ్బరు నేను చూడాలి. అన్నా, ఆ స్పానర్లు అక్కడే పెట్టు."

"తమ్ముడూ, కాలు..." అన్నాడు మేస్త్రి.

"కాలుతో ఇంజను విప్పుతారా?"

మేస్త్రి పకపకా నవ్వాడు. పాలిష్ నవ్వలేకపోయాడు. బావ ఆలోచన ఏ దారిన నడుస్తుందో అతనికి తెలుసు. ఆయన బుర్ర ఇంజను విప్పినట్టే విప్పుతుంది. ముందు పైభాగం, తర్వాత కింది భాగం, ఏ మరా వదలకుండా. ఇప్పుడు గాలి దొరికింది. రబ్బరు దొరికింది. ఇక మిగిలింది ఒక్కటే.

బావ నవ్వు నెమ్మదించింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"ఉండు" అన్నాడు. "నీలం తిరిగింది. నువ్వు చూశావు. నిమిషాలతో సహా గుర్తుపెట్టుకున్నావు." ఒక్కో మాటనూ పక్కన పేర్చి పెడుతున్నట్టు అన్నాడు. "మరి నేనొచ్చేసరికి అద్దంలా ఎందుకుందిరా?"

మేస్త్రి ఒకసారి బావ వైపు, ఒకసారి పాలిష్ వైపు చూసి, చేతిలోని స్పానర్‌ని దుప్పటి మీద ఆనీ ఆనకుండా పెట్టాడు.

"నేనే తుడవమన్నానండీ."

అక్క గొంతు. ఇటు తిరిగి నిలబడి ఉంది. మొహంలో ఏ మార్పూ లేదు.

"ఏంటి?" అన్నాడు బావ.

"నేనే. మీకు అన్నం తెచ్చి చూస్తే మీరు లేరు. పైపు నీలంగా ఉంది. బండాయన వచ్చే వేళైంది, మళ్ళీ నలుగురిలో వీడి వేలిముద్రలంటూ మీరు వెక్కిరిస్తారు, నువ్వు తుడిచెయ్యరా అన్నాను. బావకి చూపించాలక్కా అన్నాడు వాడు. నేనే వద్దన్నాను."

ఇందులో ఒక్క ముక్కా నిజం కాదు. ఆ రోజు ఆమె షాపులోకి అడుగే పెట్టలేదు. కానీ వేలిముద్రల మాట నిజం. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని మిగతా అబద్ధమంతా నిలబడింది. బావ పెళ్ళాం వైపు చూశాడు. ఆ చూపు పాలిష్ ఎప్పుడూ ఎరగడు. కోపం దానికి ఇంకా చాలా దూరంలో ఉంది. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. నమ్మాడు. నమ్మినట్టు పాలిష్‌కి తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడే అతని ఒంట్లోంచి ఏదో బరువు జారిపోయింది. భుజాలు తేలికయ్యాయి, ఊపిరి సాఫీగా ఆడింది. ఇరవై రెండు రోజుల్లో అంత హాయి ఎరగడు. ఆ హాయిని చూసి అతనికి ఒళ్ళు జలదరించింది.

"కాదు బావా" అనాలి. రెండే మాటలు. నోరు తెరిచే ఉంది.

"నువ్వు కిందికెళ్ళరా" అన్నాడు బావ, పెళ్ళాం మీంచి చూపు తిప్పకుండా. "అన్నని కూడా తీసుకెళ్ళు. తలుపు దగ్గరికేసి వెళ్ళు."

పాలిష్ కాళ్ళు ఆ మాట విని గుమ్మం వైపు నడిచాయి.